మడమ ముల్లు మీద నేరం మోపవచ్చా?

పొద్దున్నే మంచం దిగి నేలమీద మొదటి అడుగు వేసేసరికి మడమ అడుగున మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కొంచెం తగ్గుతుంది. పది నిమిషాలకు మరచిపోతారు కూడా. మధ్యాహ్నం కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ అదే మేకు. పరుగు మొదలుపెట్టగానే నొప్పి, ఒళ్ళు వేడెక్కాక మాయం, పరుగయ్యాక రెట్టింపు. మీలో పరుగుపందాలకో, కబడ్డీకో, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకో తయారవుతున్నవారికి ఈ వర్ణన కొత్త కాకపోవచ్చు.

ఈ నొప్పితో వైద్యం కోసం వెళ్ళినవారిలో చాలామంది చేతిలో ఒక ఎక్స్‌రేతోనూ, నోట ఒక మాటతోనూ తిరిగి వస్తారు. "మడమలో ఎముక పెరిగిందట" అన్నదే ఆ మాట. ఎక్స్‌రేలో చిన్న కొక్కెంలాంటి ముల్లు స్పష్టంగా కనిపిస్తుంది. కంటికి కనిపించినదాన్ని కాదనడం కష్టం. అయినా ఆ మాట ఎంతవరకు నిజం, దాని వెంట వచ్చే చికిత్సల్లో ఎన్నిటికి ఆధారం ఉంది అన్నవి అడగవలసిన ప్రశ్నలే.

ప్రశ్నలు గాలిలో తేలకుండా ఉండటానికి ఒక ఊరు, ఒక మనిషి కావాలి. సూరత్ నగరంలోని సలాబత్‌పురాకు వెళదాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరాలుగా సూరత్‌లో ఉన్నాయి. సలాబత్‌పురా ఆ నగరపు బట్టల వ్యాపారానికీ, నేతకూ పేరుపడ్డ పాత పేటల్లో ఒకటి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారని మీరు వినే ఉంటారు. గుజరాతీలో యంత్రాన్ని సాంచో అంటారు. మాట కూడా మనుషులతోపాటే ప్రయాణం చేసింది కాబోలు! సాంచెల దగ్గర పని నిలబడి చేసే పని. ఒక్కొక్కరు అనేక సాంచెల మధ్య తిరుగుతూ, తెగిన పోగులు అతుకుతూ, 12 గంటల షిఫ్టు గట్టి నేలమీదే గడుపుతారు.

అక్కడ ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. నిజమైన వ్యక్తి కాదు, మన ఉదాహరణ మాత్రమే. కాలేజీలో చదువుతున్నాడు. సెలవు రోజుల్లో నాన్నతో కలిసి సాంచెల మీదికి వెళతాడు. గుజరాత్ పోలీసు శాఖలో లోక్‌రక్షక్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. ఆ పరీక్షలో మగవారు 5,000 మీటర్ల దూరాన్ని 25 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆడవారు 1,600 మీటర్లను తొమ్మిదిన్నర నిమిషాల్లో ముగించాలి. పరుగులో తప్పితే మిగతాదంతా తప్పినట్టే. తెల్లవారుజామున సిమెంటు రోడ్డుమీద పరుగు, తర్వాత గంటల తరబడి నిలుపు. పరీక్ష రెండు నెలల్లో ఉందనగా కుడి మడమ నొప్పి మొదలయింది. ఇప్పుడు ఇతనికి దొరికే సలహాలు ఎలా ఉంటాయో, అవి ఎంతవరకు నిలబడతాయో చూద్దాం.

ముందు అరికాలి నిర్మాణం తెలియాలి. మడమ ఎముక అడుగుభాగం నుంచి కాలివేళ్ళ మొదళ్ళ దాకా ఒక దళసరి పట్టీ ఉంటుంది. వైద్యులు దీన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. దీన్ని అరికాలి పట్టీ అనుకుందాం. పాదం మధ్యలోని వంపును నిలబెట్టేవాటిలో ఇది ముఖ్యమైనది. ఒక చిన్న ప్రయోగం చేయండి. కూర్చుని, ఒక కాలిని రెండో మోకాలిమీద వేసుకుని, బొటనవేలిని చేత్తో వెనక్కి, అంటే ముంగాలి వైపుకు వంచండి. రెండో చేత్తో అరికాలిని తడిమి చూడండి. తాడులా బిగిసినది ఒకటి చేతికి తగులుతుంది, వంపు కాస్త పైకి లేస్తుంది. సాంచె మీద నేసిన గుడ్డ రోలర్‌కు చుట్టుకుంటున్నప్పుడు గుడ్డ బిగిసినట్టుగానే, బొటనవేలి కీలు చుట్టూ ఈ పట్టీ చుట్టుకుని బిగుస్తుంది. 1954లో హిక్స్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ ఏర్పాటును వివరించాడు. నడకలో మడమ లేచి, వేళ్ళు వంగిన ప్రతిసారీ ఇది జరుగుతుంది. అయిదు కిలోమీటర్ల పరుగులో ఒక్కొక్క పాదం రెండువేల సార్లకు పైనే నేలను తాకుతుంది. అన్నిసార్లూ ఆ లాగుడు చివరకు చేరేది మడమ ఎముక లోపలి అంచు దగ్గర పట్టీ అంటుకున్న చోటికి. నొప్పి పుట్టేదీ సరిగ్గా అక్కడే.

ఇక ముల్లు సంగతి. పట్టీ లాగుడువల్ల ఎముక పెరిగి ముల్లయిందనీ, అడుగు వేసినప్పుడు అది గుచ్చుకుంటోందనీ చెప్పేస్తే వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కాని ఎక్స్‌రేను మరొక్కసారి తేరిపార చూడండి. ముల్లు మొన నేలవైపుకు ఉండదు, వేళ్ళవైపుకు ఉంటుంది. నేలకు సమాంతరంగా ఉన్నది నేలమీద అడుగు వేస్తే గుచ్చుకోవడం ఏమిటి? అదీగాక, శవపరీక్షల్లో పాదాలను కోసి చూసినవారికి ఈ ముల్లు చాలాసార్లు పట్టీలో కాక, దాని పైనున్న చిన్న కండరం మొదలు దగ్గర కనిపించింది. అన్నిటికంటే ముఖ్యమైన లెక్క వేరే ఉంది. మడమ నొప్పి ఉన్నవారిలో సుమారు సగంమందికే ముల్లు కనిపిస్తుంది. ఏ నొప్పీ లేనివారిని ఎక్స్‌రే తీస్తే వారిలోనూ దాదాపు ఆరుగురిలో ఒకరికి కనిపిస్తుంది, వయసు పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ. నొప్పి పూర్తిగా పోయాక కూడా ముల్లు ఉన్నచోటే ఉంటుంది.

నొప్పి ఉన్నవారిలో ముల్లు ఎక్కువమందికి కనబడుతున్న మాట వాస్తవమే, దాన్ని దాచనక్కరలేదు. పాదం మీద ఏళ్ళ తరబడి భారం పడిందనడానికి అది గుర్తు కావచ్చు. కాని ఒకేచోట రెండు కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. మీ పాఠ్యపుస్తకాల్లో సహసంబంధం, కారణం వేరువేరని చదివారే, దానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. మన కుర్రవాడికి ముల్లుందని చెబితే జరిగే నష్టం కూడా చిన్నది కాదు. "ఎముక పెరిగింది, కోసి తీస్తే తప్ప పోదు" అని భయపడి పరుగు మానేస్తాడు. లేదా ముల్లును కరిగిస్తామనే మందులకు డబ్బు పోస్తాడు. ఆ ముల్లును కరిగించే మాత్ర ఏదీ లేదు.

మరి నిర్ధారణ ఎలా? ఎక్కువసార్లు దీనికి యంత్రం అక్కరలేదు. పొద్దుటి మొదటి అడుగు కథ వినాలి. మడమ అడుగున లోపలి వైపు బొటనవేలితో నొక్కాలి. నిలబెట్టి బొటనవేలిని వెనక్కి వంచి నొప్పి వస్తుందేమో చూడాలి. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ తీస్తారు. పట్టీ మందం 4 మిల్లీమీటర్లు దాటితే ఈ జబ్బుకే మొగ్గు. ఎక్స్‌రేకు అసలు పనిలేదని కాదు. అది ముల్లును చూడటానికి కాకుండా ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడానికి ఉపయోగపడాలి.

ఆ ఇతర జబ్బుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే క్రీడాకారులు దెబ్బతినేది ఇక్కడే. మడమ ఎముకను రెండు పక్కల నుంచి అరచేతులతో అదిమితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే, అది పట్టీ నొప్పి కాకపోవచ్చు. ఎముకలో సన్నని ఒత్తిడి పగులు కావచ్చు. పరుగు దూరం ఒక్కసారిగా పెంచినవారిలో ఇది వస్తుంది. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకుండా తప్పించుకుంటుంది, ఎం.ఆర్.ఐ.లో దొరుకుతుంది. 2022 ఆగస్టులో పి.వి. సింధు కామన్‌వెల్త్ క్రీడల్లో నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత స్కానింగ్‌లో ఎడమ పాదంలో ఒత్తిడి పగులు బయటపడింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు ఆమె దూరమయింది. ఆమెది మడమ నొప్పి కాదు. కాని పాదం నొప్పులన్నిటినీ ఒకే గాట కట్టరాదని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు. మంట, తిమ్మిరి, కరెంటు పాకినట్టు ఉండటం నరం ఒత్తుకుపోయినందువల్ల రావచ్చు. రెండు మడమలూ నొస్తూ, తెల్లవారుజామున నడుము బిగుసుకుపోయి, కదిలితే సడలే యువకుడికి వెన్నెముక కీళ్ళవాతం ఉందేమో చూడాలి. రాత్రి పడుకున్నప్పుడూ తగ్గని నొప్పి, జ్వరం, పరుగులో టప్పుమని తెగిన శబ్దం – వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

జబ్బు పేరులోనే ఒక చిక్కుంది. ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. చివరి 'ఐటిస్' అంటే వాపు, మంట, ఎరుపు వచ్చే ప్రక్రియ. ఆ పేరును నమ్మి వాపు తగ్గించే మాత్రలు వారాల తరబడి మింగిస్తారు. 2003లో లెమాంట్, ఆయన సహచరులు శస్త్రచికిత్సలో తీసిన 50 నమూనాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. వాపు లక్షణాలకు బదులు, పీచులు చివికి, వరుస తప్పిన గుర్తులే కనిపించాయి. అరిగిన తాడు లాంటిదన్నమాట. అందుకని కొందరు ఫేషియోసిస్ అనీ, ఫేషియోపతీ అనీ పేరు మార్చారు. ఈ పరిశోధనను కూడా కళ్ళు మూసుకుని ఒప్పుకోకండి. శస్త్రచికిత్స దాకా వెళ్ళినవారు నెలలు, ఏళ్ళు బాధపడినవారు. నొప్పి మొదలైన మొదటి వారంలో పట్టీ ఎలా ఉంటుందో ఆ నమూనాలు చెప్పలేవు. అయినా నెలల నాటి నొప్పికి రోజూ వాపు మాత్రలు వేసుకుని కడుపులో పుండు తెచ్చుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

మన కుర్రవాడికి అసలు ప్రమాదం సూదిమందు రూపంలో రావచ్చు. పరీక్ష దగ్గర పడింది, "ఒక్క ఇంజెక్షన్ వేయించుకో, పరుగెత్తేయ్" అనే మిత్రులు ఉండనే ఉంటారు. మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనిచేయదని చెప్పను. 2012లో ఆస్ట్రేలియాలో 82 మందిపై జరిపిన పరీక్షలో, అల్ట్రాసౌండ్ సాయంతో వేసిన స్టెరాయిడ్ నాలుగు వారాల వద్ద ఉత్త మందుకంటే మేలు చేసింది. తర్వాత ఆ తేడా నిలవలేదు. మరోవైపు 1998లో అమెరికాలో అసెవెడో, బెస్కిన్ ప్రకటించిన లెక్క ఉంది. వారు చూసిన 765 మందిలో 51 మందికి పట్టీ తెగింది. ఆ 51 మందిలో 44 మంది అంతకుముందు ఇంజెక్షన్ వేయించుకున్నవారే. దీనికి ఎదురు ప్రశ్న ఒకటుంది: నొప్పి ఎక్కువున్నవారికే ఇంజెక్షన్ వేస్తారు కదా, వారి పట్టీ ముందే బలహీనమై ఉండవచ్చు కదా? ఉండవచ్చు. అయినప్పటికీ నొప్పిని కప్పిపుచ్చుకుని, అరిగిన తాడు మీద 5,000 మీటర్ల భారం వేయడం ఎలాంటి పందెమో మీరే ఆలోచించండి. అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు పేటన్ మానింగ్ 2015లో ఎడమ పాదంలో పట్టీ కొంత చిరిగి వారాల తరబడి ఆటకు దూరమయ్యాడు. ఆయన వెనుక ఒక జట్టు వైద్యబృందం మొత్తం ఉంది. సలాబత్‌పురా కుర్రవాడి పట్టీ తెగితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, సాంచెల దగ్గర నిలబడే శక్తి కూడా.

అమ్మ సలహా వేరు. ఇటుక ముక్కను వేడిచేసి, దానిమీద జిల్లేడాకు పరచి, మడమ ఆనించమంటుంది. మన పల్లెల్లో ఇది తరాల వైద్యం. దీన్ని వెక్కిరించే పనిలేదు. వెచ్చదనం కాసేపు హాయినిస్తుంది, పొద్దుటి బిగువు సడలుతుంది. పట్టీని బాగుచేయదు, అంతే. అయితే చక్కెరవ్యాధివల్ల పాదం మొద్దుబారిన తాతయ్యకు ఇదే వైద్యం చేస్తే, కాలిన సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. జిల్లేడు పాలు కంటికి తగలకుండానూ చూసుకోవాలి.

పెద్ద ఆసుపత్రిలో మరో సలహా దొరుకుతుంది: షాక్‌వేవ్ యంత్రం. 2002లో ఆస్ట్రేలియాలో బుక్‌బైండర్ బృందం 166 మందిని రెండుగా విభజించి, కొందరికి నిజమైన తరంగాలు, కొందరికి నామమాత్రపు తరంగాలు ఇచ్చింది. రెండు గుంపులకూ నొప్పి తగ్గింది, దాదాపు సమానంగా! రెండో గుంపు లేకపోయి ఉంటే "యంత్రం అద్భుతం" అని రాసుకునేవారే. ఏ చికిత్స గురించి విన్నా 'పోల్చడానికి మరో గుంపు ఉందా' అని అడగడం మీరిప్పుడే అలవాటు చేసుకోవచ్చు. తర్వాతి ఏళ్ళలో వేరే యంత్రాలతో చేసిన కొన్ని పరీక్షల్లో మేలు కనిపించిన మాట కూడా నిజం. అందుకే 2021లో బ్రిటన్‌లో తయారైన ఒక మార్గదర్శిని దాన్ని మొదటి మెట్టుమీద కాక, తేలిక పద్ధతులతో తగినంత మేలు కలగనివారికి రెండో మెట్టుగా ఉంచింది. కొలతలు తీసి చేయించే ఖరీదైన చెప్పు అట్టలు ఆ తర్వాతి మెట్టు. 2006 నాటి మరో ఆస్ట్రేలియా పరీక్షలో దుకాణంలో దొరికే మామూలు అట్టలూ, పాదానికి అచ్చుతీసి చేసినవీ దాదాపు ఒకే ఫలితం ఇచ్చాయి.

మొదటి మెట్టుమీద ఉన్నవి చవకైనవి: అరికాలి పట్టీని సాగదీయడం, పాదానికి టేపు చుట్టడం, రోగికి విషయం వివరంగా చెప్పడం. 2003లో అమెరికాలో డిజియోవాని బృందం, పిక్కను సాగదీసే పాత వ్యాయామం కంటే, ఇందాక మీరు ప్రయోగంలో చేసిన పనే ఎక్కువ మేలు చేస్తుందని చూపింది. బొటనవేలితో సహా వేళ్ళను వెనక్కి లాగి 10 సెకన్లు పట్టి ఉంచాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మొదటి పూట మంచం దిగకముందే చేయాలన్నది ఇందులో కీలకం. 2015లో డెన్మార్క్‌లో రాథ్‌లెఫ్ బృందం మరో మార్గం చూపింది. వేళ్ళ కింద చుట్టిన తువాలు పెట్టి, మెట్టు అంచున ఒంటికాలిమీద నిలబడి, మడమను నెమ్మదిగా లేపి దించడం. 48 మందిలో మూడు నెలల వద్ద ఇది సాగదీతకంటే మెరుగయింది. ఏడాది వద్ద తేడా లేదు. ఈ వార్తతో వ్యాయామమే సర్వరోగ నివారిణి అన్నంత సంబరం వచ్చింది. 2023లో అదే దేశంలో 180 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఆ సంబరాన్ని కొంత చల్లార్చింది. మంచి సలహా, మడమకు మెత్తని కప్పు ఇచ్చినవారికంటే, వాటికి తోడు ఆ వ్యాయామం చేసినవారు గొప్పగా ముందుకు పోలేదు. మంచి సలహా అంటే పని, పరుగు భారాన్ని ఎలా తగ్గించుకోవాలో కూర్చోబెట్టి చెప్పడం. మన వైద్యశాలల్లో అన్నిటికంటే తక్కువ దొరికేది ఆ కూర్చోబెట్టి చెప్పే పది నిమిషాలే.

ఈ పరిశోధనలన్నిటిమీదా నాకొక ఫిర్యాదుంది. వీటిలో పాల్గొన్నవారు ఎక్కువమంది సంపన్న దేశాల నడివయసువారు. పందొమ్మిదేళ్ళ పరుగువీరుడూ, 12 గంటలు నిలబడే నేతకార్మికుడూ వీటిలో చాలా అరుదు. 2003లో రిడిల్ బృందం అమెరికాలో 50 మంది రోగులను, 100 మంది ఇతరులను పోల్చి మూడు కారణాలు గుర్తించింది: పిక్క బిగుసుకుని పాదం పైకి వంగకపోవడం, అధిక బరువు, పనిగంటల్లో ఎక్కువభాగం కాళ్ళమీద ఉండటం. మూడోదాన్ని చూడండి. మన కుర్రవాడి నొప్పికి పరుగు ఒక్కటే కారణమని అతని కోచ్ అనుకుంటాడు, సాంచె అని నాన్న అనుకుంటాడు. అరికాలి పట్టీకి ఆ తేడా తెలియదు, రెండు భారాలనూ కలిపే మోస్తుంది. పరుగు సగానికి తగ్గించి, అదే వారంలో రెండు షిఫ్టులు ఎక్కువ నిలబడితే లాభమేముంది?

కనుక ఇతను చేయగలిగింది ఇది. పరుగు పూర్తిగా మానక, నొప్పి మర్నాడు పొద్దుటికి పెరగనంత దూరానికి తగ్గించుకోవాలి. తగ్గించిన మేరకు సైకిలు తొక్కి ఊపిరి సత్తువ నిలుపుకోవాలి. సిమెంటు వదిలి మట్టి మైదానం వెతుక్కోవాలి. అట్ట అరిగిన బూట్లు మార్చాలి. సాంచెల దగ్గర పలచటి హవాయి చెప్పులకు బదులు మడమ దళసరిగా ఉన్నవి తొడుక్కోవాలి, నిలబడేచోట రబ్బరు పట్టా వేయించుకోవాలి. పై వ్యాయామాలు రోజూ చేయాలి. ఇంత చేసినా రెండు నెలల్లో పూర్తిగా నయమవుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఏడాదిలోగా సుమారు 80 శాతం మందికి తగ్గిపోతుందని అంచనా. తగ్గించిన పరుగుతోనే 25 నిమిషాలు అందుతాయా, లేక ఈసారి వదిలి వచ్చే నోటిఫికేషన్ దాకా ఆగాలా అన్నది అతనూ, ఇంట్లోవారూ, చూసే వైద్యుడూ కలిసి తేల్చుకోవలసిన విషయం. ఇంజెక్షన్ ఆ లెక్కను మార్చదు, కొన్నాళ్ళు దాచిపెడుతుంది.

చివరగా బడిపిల్లల మాట. మీ వయసు 8 నుంచి 14 మధ్య ఉండి, ఆటల తర్వాత మడమ వెనుకవైపు నొస్తే, పైన చెప్పినదేదీ మీది కాకపోవచ్చు. ఎదిగే వయసులో మడమ ఎముక వెనుక ఒక విడిముక్క ఉంటుంది, అది మెత్తని మృదులాస్థితో అసలు ఎముకకు అతికి ఉంటుంది. పిక్క కండరం దాన్ని లాగుతూ ఉంటే నొప్పి పుడుతుంది. 1912లో అమెరికా వైద్యుడు సీవర్ దీన్ని వివరించాడు, ఆయన పేరే నిలిచింది. ఇక్కడా ఎక్స్‌రే బోల్తా కొట్టిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఆ ముక్క చిట్లిపోయినట్టు, తెల్లగా గట్టిపడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి "ఎముక విరిగింది" అని కట్టు కట్టించుకున్న పిల్లలున్నారు. కొన్ని వారాలు గెంతులు తగ్గించి, మడమకింద మెత్తటి అట్ట పెట్టుకుంటే చాలు. పద్నాలుగు, పదిహేనేళ్ళకు ఆ ముక్క అసలు ఎముకలో కలిసిపోతుంది, ఈ రకం నొప్పి మళ్ళీ రాదు.